చుట్టిన సీసం

మా నాన్న నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా అనేది. కొల్లేటి అంచున ఉన్న మా ఊళ్లో ఎవరి గేదె ఈనినా, ఎవరి దోనె మునిగినా, ఎవరి కోడలు అలిగి పుట్టింటికి పోయినా, ఆ కబురు మా నాన్న రేవులో చెప్పాకే నిజమైనట్టు లెక్క. "ఇదిగో వినండర్రా" అని ఆయన మొదలుపెడితే దోనె ఎక్కినవాళ్లు కూడా దిగి వచ్చేవాళ్లు. నా చిన్నప్పుడే అమ్మ పోయింది. నన్ను చంకనేసుకుని ఆ రేవులోనే పెంచారాయన. ఆయన దగ్గర నేను ఏదీ దాచలేను. నోరు మూసుకున్నా మొహం చూసి పట్టేసేవారు. అలాంటి మనిషి ఏరికోరి నన్ను ఇచ్చింది, దాచుకోవడం తప్ప మరేమీ తెలియని మనిషికి.

మా ఆయనకు ఏలూరులో బస్సుల బ్యాటరీలు బాగుచేసే షెడ్డు ఉండేది. షెడ్డు వెనకే ఇల్లు. పంతొమ్మిది వందల ముప్పైలలో మాట ఇది. ఊళ్లో బస్సులు అప్పుడప్పుడే పెరుగుతున్నాయి, రోడ్లు మాత్రం ఎడ్లబండ్ల కాలం నాటివే. ఆ కుదుపులకు బ్యాటరీలో నిలబెట్టిన సీసం పలకల మీది పూత రాలి అడుక్కి చేరేది. కొన్నాళ్లకు బ్యాటరీ చచ్చేది. పలకలు నిలబెడితే కదా రాలేది, చుట్టేస్తే? అన్నది మా ఆయన ఆలోచన. రెండు పొడుగాటి సీసం రేకులు, వాటి మధ్య పల్చటి ఉన్నిగుడ్డ, మూడూ కలిపి తుంగచాప చుట్టినట్టు బిగించి చుట్టి గుండ్రటి గాజు జాడీలో దించి యాసిడ్ పోయడం. అంతే. చెబితే ఇంత చిన్న సంగతి.

చుట్టాలంటే ఇద్దరు కావాలి. ఆయన రేకులు చుట్టే కర్ర తిప్పేవారు, నేను ఎదురుగా కూర్చుని గుడ్డ బిగువుగా పట్టేదాన్ని. గుడ్డ ఒక్క వేలు పక్కకు జరిగిందంటే రేకూ రేకూ తాకి మొత్తం పాడయ్యేది. గుడ్డ మా వెనకింటి తివాచీలు నేసే సాయిబుగారి దగ్గర ప్రత్యేకంగా నేయించారు. నూనె వడకట్టుకోవడానికని చెప్పారు. "నూనె వడకట్టడానికి ఇంత మంచి ఉన్ని ఎందుకమ్మా?" అని ఆ ఇంటి పెద్దావిడ గోడ మీంచి అడిగితే, గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు నేను చేతులు కొంగులో దాచుకున్నాను. సీసం పట్టి పట్టి వేళ్లు నల్లగా ఉండేవి మరి.

ఆయన భయానికి కారణం లేకపోలేదు. పెళ్లికి ముందు, బ్యాటరీ తీగలు చిలుం పట్టకుండా పట్టి ఉంచే క్లిప్పు ఒకటి తయారుచేసి బెజవాడలో ఓ షావుకారుకి మురిపెంగా చూపించారట. కొన్నాళ్లకు ఆ క్లిప్పు బెజవాడ నిండా అమ్మకానికి వచ్చింది. అందుకని ఈసారి కలకత్తాలో పేటెంటు పుచ్చుకున్నాకే ఎవరి కంటైనా పడనివ్వాలనుకున్నారు. ఆ సంగతులు తెలిసిన వకీలు తాడేపల్లిగూడెంలో ఉన్నారంటే, రైల్లో ఆయనతో నేనూ వెళ్లాను. చుట్టి చూపించడానికి ఇద్దరం ఉండాలి కదా.

వకీలుగారు అంతా చూసి పొడుం పీల్చుకుని అన్నారు. "నాకు చూపించారు, పర్వాలేదండీ. వకీలు చెవిన పడ్డది బయటపడ్డట్టు కాదు. కానీ దరఖాస్తు వేయకముందే నలుగురి కంటా పడిందా, కొత్తదనం పోయినట్టే. ఆ తర్వాత ఎంత మొత్తుకున్నా హక్కు రాదు."

"అయితే రేపే వేసేద్దామండీ" అన్నారు మా ఆయన.

"రేపెలా వేస్తారండీ? సగం ఇప్పుడు, సగం తర్వాత అంటే కుదరదు. ఏం చేశారో, ఎలా చేశారో, అందులో మీరు కోరుకునే హక్కు ఏదో మొదటే పూర్తిగా రాసివ్వాలి. బస్సు కుదుపులకు ఆగుతుందంటున్నారు. ఆగుతుందని మీకు రూఢిగా తెలుసా?"

బస్సులో పెట్టి చూస్తే తెలుస్తుంది. బస్సులో పెడితే నలుగురూ చూస్తారు. చూపిస్తే పోతుంది, చూపించకపోతే పూర్తికాదు. తిరుగురైలు దిగి ఏలూరు స్టేషన్లోంచి బయటికొస్తూ, "ఇంట్లోనే కుదుపుదాం" అన్నారు మా ఆయన.

అలా మొదలైంది నా చెర. వెనక గది కిటికీలకు గోనెసంచులు కొట్టారు. దూలానికి ఉయ్యాల తాళ్లు వేసి, వాటికి చెక్కపెట్టె కట్టి, అందులో జాడీ పెట్టి గోడకు తగిలేలా ఊపమన్నారు. ఆయన షెడ్డులో ఉన్నంతసేపూ నేను ఊపాలి. పిల్లలింకా పుట్టని ఇంట్లో సీసానికి ఉయ్యాల ఊపుతూ కూర్చున్నాను. పేరంటాలకు వెళ్లడం మానేశాను, ఎందుకంటే వెళితే వాళ్లని మళ్లీ మనింటికి పిలవాలి. నీళ్లు పోసే మనిషిని మాన్పించారు. పక్కింటి వాళ్లు నాకేదో జబ్బనుకున్నారు. నిజంగానే ఒక్కోసారి ఆ చీకటి గదిలో ఊపిరాడేది కాదు. యాసిడ్ వాసనకో, కోపానికో చెప్పలేను.

ఒక రోజు మధ్యాహ్నం అలా ఊపుతుండగా వీధిలోంచి మా నాన్న గొంతు వినిపించింది. బిందెలో బతికున్న కొరమీనులు వేసుకుని చెప్పాపెట్టకుండా వచ్చేశారు. నేను పరిగెత్తేలోపే మా ఆయన షెడ్డులోంచి వచ్చి, నడవా తలుపు దగ్గరికి లాగి, అరుగు మీద చాప వేశారు. వేసవి కాబట్టి అరుగు మీద చల్లగా ఉంటుందన్నారు. అది వేసవి కాదు.

"లోపల ఏంటమ్మా ఆ దబదబ చప్పుడు?" అన్నారు నాన్న.

"ఏం లేదు నాన్నా."

"ఆ చేతులేంటి, అలా ఉన్నాయి?"

"మసి నాన్నా."

నా మొహం వంక చూశారు. దొరికిపోయానని నాకు తెలుసు, దొరికానని ఆయనకీ తెలుసు. మామూలుగా అయితే మాట మీద మాట వేసి లాగేసేవారు. ఆ రోజు మాత్రం బిందె వైపు తిరిగి, "ముల్లు చూసుకుని వండమ్మా" అన్నారంతే. ఆయనకు అరుగు మీదే విస్తరి వేశాం. పిల్లనిచ్చిన మామగారికి, వీధిన పోయేవాళ్లు చూస్తుండగా, బైరాగికి పెట్టినట్టు. ఆయన ఒక్క మెతుకు వదలకుండా తిన్నారు.

వెళ్లేటప్పుడు, "ఓసారి ఇంటికి రామ్మా" అన్నారు.

"వస్తాను నాన్నా, ఈ పని కాగానే."

"ఏ పని?"

నేను నాలుక్కరుచుకున్నాను. ఆయన నవ్వారు. "సరేలే. చెప్పకూడనిది అడక్కూడదు" అని ఖాళీ బిందె భుజాన పెట్టుకుని వెళ్లిపోయారు. మళ్లీ మా గడప తొక్కలేదు.

ఆ రోజు మా ఆయనతో పోట్లాడాను. "మా నాన్నకి అరుగు మీద విస్తరేయిస్తారా? ఆయనేం పాపం చేశారండీ?"

"పాపం కాదే. ఆయన ఈ పూట చూస్తే రేపు రేవంతా చూసినట్టే. కాదని చెప్పు, ఇప్పుడే వెళ్లి పిలుచుకొస్తాను."

కాదని ఎలా చెప్పను? నిజమైన మాట కనుకే ఒళ్లు మండింది. పుట్టింటికి వెళ్తానంటే కూడా అదే. నువ్వు చెప్పకుండా ఉండలేవు, ఆయన అడక్కుండా ఉండలేరు అనేవారు. దరఖాస్తు వెళ్లనీ, పంపిస్తాను అన్నారు. కానీ దరఖాస్తు వెళితేగా! గుడ్డ ఇంకాస్త పల్చగా ఉంటే ఎలా ఉంటుందంటారు, మళ్లీ చుట్టడం, మళ్లీ ఊపడం. రాసింది కొట్టేసి మళ్లీ గూడెం రైలెక్కడం. చివరికి వకీలుగారే విసుక్కుని కాగితాలు లాక్కుని కలకత్తా పంపించారు. ఇక మీకేం భయం లేదు, దరఖాస్తు మీద తారీఖు పడిపోయింది అని చెప్పినా మా ఆయన వినలేదు. వాళ్లు తిరగ్గొడితే? దిద్ది మళ్లీ వేయాలంటే? ఒప్పుకునేదాకా ఎవరికీ తెలియకూడదన్నారు. గోనెసంచులు కిటికీలకు అలాగే ఉన్నాయి. ఆయన చెడ్డమనిషి కాదు. నన్ను పెట్టిన గదిలోనే ఆయనా ఉన్నారు. కాకపోతే తాళంచెవి తన దగ్గరుందని అనుకునేవారు, అదొక్కటే తేడా.

వానలు పట్టి కొల్లేరు పొంగిన రోజుల్లో మా బాబాయి తడిసిన బట్టలతో వచ్చాడు. నాన్నకి పక్షవాతం. కుడి పక్క పడిపోయింది. మనుషుల్ని గుర్తుపడుతున్నారు, చెప్పింది అర్థమవుతోంది. మాట మాత్రం పోయింది.

మా ఆయనే గబగబా నా చీరలు మూట కట్టారు. "వెంటనే వెళ్లు. ఎన్నాళ్లుండాలంటే అన్నాళ్లుండు" అన్నారు. మూట నా చేతికిస్తూ, నిజంగా నా మీద జాలితోనే, ఇంకో మాట కూడా అన్నారు. "ఇప్పుడు మీ నాన్నగారికి చెప్పినా పర్వాలేదులే."

నేను ఆయన మొహంలోకి చూశాను. అన్నదేమిటో ఆయనకు కాసేపటికి అర్థమైంది. "అది కాదు" అని ఏదో మొదలుపెట్టారు. వెళ్లొస్తానని కూడా చెప్పకుండా మా బాబాయి వెంట నడిచాను. ఆ మనిషిని నేను అంతగా అసహ్యించుకున్న రోజు అంతకుముందు లేదు, తర్వాతా లేదు.

నాన్న మంచం రేవు కనిపించేలా వసారాలో వేశారు. నన్ను చూడగానే ఆయన కళ్ల వెంట నీళ్లు కారాయి. గంజి తాగించేటప్పుడూ, ఒళ్లు తుడిచేటప్పుడూ నా వేళ్ల వంకే చూసేవారు. ఆ గదిలో ఏముందమ్మా అని అడుగుతున్నారని నాకు తెలుసు. చెప్పలేదు. నోరున్నప్పుడు చెప్పనిది నోరు పోయాక చెబుతానా? అంతకంటే ఆయన్ని అవమానించడం ఉంటుందా? మొండితనమే అనుకోండి. చుట్టూ నీళ్లు, మధ్యలో ఆ వసారా, అందులో మాట రాని ఆయనా, మాట ఉండీ ఆడని నేనూ. ఏలూరు గది ఇంతకంటే నయమనిపించిన రోజులున్నాయి.

వాన తెరిపిచ్చిన ఒక సాయంత్రం రేవులో దోనె ఆగింది. మా ఆయన దిగారు. చేతుల్లో ఆ గాజు జాడీ ఉంది. దాని మీద గుడ్డ కూడా కప్పలేదు. దాన్ని అలా బాహాటంగా, అందరి ముందూ చూస్తుంటే నాకే భయమేసింది.

"తిరగ్గొట్టారు" అన్నారు. "డెబ్భై ఏళ్ల కిందటే ఒక ఫ్రెంచి దొర సీసం రేకుల మధ్య గుడ్డ పెట్టి ఇలాగే చుట్టాడట. అసలు మొట్టమొదటి సీసం బ్యాటరీయే అదట. కాలేజీ పుస్తకాల్లో బొమ్మతో సహా ఉందట."

"మరి ఉన్నిగుడ్డ?"

"నేనూ అదే అడిగాను. చుట్టడం పాతదైనప్పుడు గుడ్డ మార్చినంత మాత్రాన కొత్త అవదన్నారు వకీలుగారు. నాది కుదుపులకు రాలదు కదండీ అన్నాను. పనిచేయడం వేరండీ, కొత్తదవడం వేరండీ అన్నారు."

నవ్వొచ్చింది నాకు. ఆ నవ్వు ఏడుపయ్యేలోపు ఆపుకున్నాను. కాలేజీ పిల్లలు చదువుకునే సంగతిని మా నాన్న కంట పడకుండా గోనెపట్టాలు కట్టి కాపాడుకున్నాం.

ఆయన వసారాలోకి వెళ్లి మంచం పక్కన నేల మీద కూర్చున్నారు. "మావయ్యగారూ, ఇది మీకే ముందు చూపించాల్సిందండీ" అంటూ తీగలు కలిపి చిన్న బల్బు వెలిగించారు. ఆ మబ్బు పట్టిన సాయంత్రం వసారా అంతా వెలుగొచ్చింది. తర్వాత జాడీలోంచి చుట్ట తీసి, కడిగి, నాన్న ముందు మెల్లగా విప్పారు. రేకు, ఉన్ని, రేకు. అంతలో రేవులో ఉన్నవాళ్లంతా వసారా ముందు మూగారు. అలవాటు ఎక్కడికి పోతుంది? వాళ్లు మా ఆయన్ని అడగలేదు, నన్నూ అడగలేదు.

"ఏంటయ్యా ఇది?" అని మా నాన్ననే అడిగారు.

నాన్న నోరు తెరిచారు. మూలుగులాంటిది వచ్చింది, అంతే. అందరూ తలలు దించుకున్నారు. ఆయన ఎడమ చెయ్యి ఎత్తి, గాలిలో చుట్టినట్టు ఒకసారి తిప్పి, నా వైపు చూపించారు.

"ఇదిగో వినండర్రా" అని మొదలుపెట్టాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. సీసం, ఉన్ని, గూడెం వకీలుగారు, ఉయ్యాల తాళ్లు, గోడకు కొట్టిన జాడీ, అన్నీ చెప్పాను. జనం నవ్వారు, మా ఆయన కూడా నవ్వారు. అలా చెప్పుకుంటూ పోతూ, నాన్న కొరమీనులు పట్టుకుని వచ్చిన రోజు దగ్గరికి వచ్చి ఆగిపోయాను. మా ఆయన తల వంచుకున్నారు.

ముందు వరసలో కూర్చున్న ముసలమ్మ అందుకుంది. "ఆ రోజు సంగతి మాకెరుకేనమ్మా. మీ ఆయన నడింట్లో పీటేసి కూర్చోబెట్టాడట గదా, దగ్గరుండి కొసరి కొసరి వడ్డించాడట. అంత మర్యాద మహారాజులక్కూడా జరగదని మీ నాన్న ఎన్నాళ్లు చెప్పాడో!"

నాన్న వంక చూశాను. ఆయన నన్ను చూడటం లేదు. విప్పి పరిచిన ఉన్నిగుడ్డ మీద ఎడమచేత్తో నిమురుతున్నారు.

"అవును పెద్దమ్మా, నడింట్లోనే" అన్నాను.