గుంట మగ్గం పక్కన చైనా పిల్ల కథ

నా చిన్నప్పుడు నారాయణపేటలో మా అక్కింట్లో ఉండి చదువుకునేదాన్ని. అక్క పొద్దంతా గుంట మగ్గం మీద చీరలు నేసేది. కాళ్లు గుంటలో, కడుపు ముందు బట్ట చుట్టుకునే దోనె, వెనక గోడ. అందులోంచి గబుక్కున లేవడం ఎవరి తరమూ కాదు. మా బావకు ఆ సంగతి బాగా తెలుసు. తాగి వచ్చినప్పుడల్లా అక్క మగ్గంలో ఉండగానే జుట్టు పట్టుకుని కొట్టేవాడు. వాడకట్టంతా విని ఊరుకునేది.

పక్కింటి తురకల అక్కను అందరం ఆపా అని పిలిచేవాళ్లం, ఆమె జాకెట్లు కుట్టేది. ఎవరింట్లోనో కిరాయికి తెచ్చిన వీడియోలో చైనా సినిమా చూసొచ్చి, మగ్గం పక్కన కూర్చుని ఆ కథ నాకు రోజూ కొంచెం చెప్పేది. పాతకాలం చైనాలో ఒక పిల్ల. జమీందారు మనుషులు కళ్ల ముందే ఆమె అన్నను నరికేశారు. ఆమె కొండెక్కి ఒక ముసలి గురువు దగ్గర కొట్లాట నేర్చుకుంది. విరిగే ఎముకలు, గాలిలోకి ఎగిరి తన్నే తన్నులు, నాకు అవే కావాలి. ఆపా మాత్రం ఎప్పుడూ గురువు చేతి కర్ర దగ్గరే ఆగిపోయేది. నాకు చెడ్డ విసుగొచ్చేది.

"మూడేండ్లు గదే నేర్పిండు. పిల్ల కూసున్నప్పుడే కొడ్తడు. రెండో దెబ్బ పడకముందే లేసి నిలబడాలె. ముందు లేసుడు, ఎనుక కొట్టుడు," అనేది. అక్క నేస్తూ ఉండేది.

ఒక మధ్యాహ్నం బావ వచ్చి, "ఇయ్యాల నిన్ను సంపుత," అంటూ అక్క మెడను దోనెకేసి అదిమాడు. ఆమె ముక్కులోంచి నెత్తురు చీర మీద కారింది. నేను పరుగున వెళ్లి ఎగిరి వాడి నడుం మీద తన్నాను. నేనే చైనా పిల్లననుకున్నాను, పిచ్చిదాన్ని! ఒక్క చేత్తో విసిరికొట్టాడు. గడప తగిలి ముందుపన్ను ఊడింది. అక్కను వదిలేసి వచ్చి నన్ను కడుపులో తన్నడం మొదలుపెట్టాడు.

నా కేకలకు ఆపా ఉరికొచ్చింది. బావను ముట్టుకోలేదు, నా వైపు చూడను కూడా చూడలేదు. నేరుగా గుంట దగ్గరకు పోయి అక్క రెండు చేతులూ పట్టుకుంది.

"లెవ్వే చెల్లె, లెవ్వు!"

అక్క లేచింది. నేల మీద నిలబడింది. మూలనున్న కర్ర తీసుకుని బావ మోకాలి మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినబడింది. "ఇంకోపారి ఈ గడప తొక్కితే రెండోది ఇరుగుతది," అంది. పాక్కుంటూ పోయినవాడు మళ్లీ రాలేదు. నాకు అప్పుడూ జాలి కలగలేదు, ఇప్పుడూ కలగదు.

నేను బడికి పోయిన రోజుల్లో కూడా ఆపా వచ్చి ఆ కథ చెప్పేదని చాలా ఏళ్లకు అక్క నాతో అంది. అది నా కోసం చెప్పిన కథే కాదన్నమాట.

ఇప్పుడు నాకూ తల నెరిసింది. ఏ ఇంట్లో దెబ్బలు వినబడినా తలుపు తోసుకుని లోపలికి పోతాను. కొట్టేవాడి మొహం చూడను. కింద పడి ఉన్న మనిషి చేతులు పట్టుకుని ముందు లేపుతాను.