దేన్నీ తాకని పుల్ల

ల్యాబక్కకు కుళ్లు. ఇందులో దాచేదేముంది? వీధిలో అందరూ ఆమెను ల్యాబక్క అనే పిలుస్తారు. ఇరవై రెండేళ్లుగా ఆస్పత్రి ల్యాబులో బాక్టీరియాను పెంచి, లెక్కపెట్టి, రిపోర్టు రాయడమే ఆమె ఉద్యోగం. ఎవరి గొంతులో ఏముందో, ఎవరి పుండులో ఏముందో చూసి చెప్పగలదు. తన కడుపులో ఏముందో మాత్రం ఎవరికీ చెప్పుకోలేదు. అక్కడున్నది తోటికోడలి వంటిల్లు.

ఏం వంటిల్లండీ అది! గట్టు మీద ముఖం చూసుకోవచ్చు. కుళాయి నిన్న బిగించినట్టుంటుంది. డబ్బాలన్నీ ఒకే ఎత్తు, ఒకే రంగు మూతలు. ల్యాబక్క ఇంట్లోనేమో ఏ మూతా ఏ డబ్బాకూ పట్టదు. అక్కడికి వెళ్లినప్పుడల్లా "ఎంత బాగా పెట్టుకున్నావమ్మాయ్!" అని పైకి అంటుంది. ఇంటికొచ్చి గిన్నెల మీద కసి తీర్చుకుంటుంది. పదకొండేళ్లుగా ఇదే తంతు.

అంతటితో ఆగితే బాగుండేది. అత్తగారికి కంటి ఆపరేషను కుదిరింది. నెల రోజులు చుక్కల మందు వేయాలి, శుభ్రమైన చోట ఉండాలి, ఇన్ఫెక్షను సోకకూడదు అన్నాడు డాక్టరు. పద్దెనిమిదేళ్లుగా పెద్దకోడలి దగ్గరే ఉంటున్న ఆ పెద్దావిడ, అన్నం తింటూ తింటూ ఎంతో మామూలుగా అనేసింది.

"ఈ నెల చిన్నదాని ఇంట్లో ఉంటాలే పెద్దమ్మాయ్. అక్కడైతే అద్దంలా ఉంటుంది."

ల్యాబక్క చేతిలో గరిటె ఆగిపోయింది. పద్దెనిమిదేళ్ల చాకిరీ ఒక్క మాటతో మట్టికొట్టుకుపోయింది.

"అద్దంలా కనబడటం వేరు, శుభ్రంగా ఉండటం వేరు అత్తయ్యా. బాక్టీరియా కంటికి కనబడదు కదా. రెండిళ్లూ టెస్టు చేస్తా. ఎక్కడ తక్కువుంటే అక్కడే ఉందురుగాని."

"నీ ఇష్టం తల్లీ," అంది అత్తగారు. భర్త తలెత్తకుండా అన్నం ముగించి చేయి కడుక్కున్నాడు. పాపం, అనుభవం ఉన్న మనిషి.

శనివారం తన ఇల్లు పరీక్షించింది. మాస్కు, గ్లౌజులు, అంతా పద్ధతిగా. కొసన దూది చుట్టిన శుభ్రమైన పుల్లలతో, చోటుకొకటి చొప్పున, కూరగాయలు తరిగే పలక, కుళాయి పిడి, ఫ్రిజ్ పిడి, గిన్నెలు తోమే స్పాంజి, భోజనాల బల్ల రుద్ది, బాక్టీరియాకు మేత కలిపిన జెల్లీ ఉన్న ప్లేట్ల మీద రాసింది. స్పాంజి ముందురోజే మార్చేసింది లెండి. ఎలాగూ మార్చాల్సిందే కదా అని తనకు తానే సర్దిచెప్పుకుంది. ఆరో పుల్లను దేనికీ తాకించకుండా ఆరో ప్లేటు మీద రాసింది. ఆ ప్లేటులో ఏమీ మొలవకూడదు. మొలిచిందంటే తప్పు ఇంటిది కాదు, పరీక్షించిన చేతిది.

ఆదివారం తోటికోడలి ఇల్లు. ఆ రోజు ల్యాబక్కకు జలుబు. తోటికోడలు వెనకాలే తిరుగుతూ "అక్కా, స్టూలు వెయ్యనా? అక్కా, మంచినీళ్లు ఇవ్వనా?" అంటోంది. వెంట వచ్చిన అత్తగారు కుర్చీలో కూర్చుని "చూశావా పెద్దమ్మాయ్, స్పాంజికి కూడా ఓ స్టాండు!" అని మురిసిపోయింది. ఇంకేముంది, ల్యాబక్క ఒళ్లు మండిపోయింది. మాస్కూ గ్లౌజులూ సంచిలోనే ఉండిపోయాయి. ముక్కు చేత్తో తుడుచుకుంటూ, పుల్లల కవర్లు పంటితో చింపుతూ పది నిమిషాల్లో ఆరూ ముగించింది. తన దగ్గర పనిచేసేవాళ్లెవరైనా ఇలా చేసుంటే ఆ రోజే చెవులు చిల్లులు పడేట్టు తిట్టుండేది.

రెండు రోజులు ల్యాబులో వెచ్చగా ఉంచే ఇంక్యుబేటరులో పెట్టి చూస్తే, తన ప్లేట్లలో అక్కడో చుక్క ఇక్కడో చుక్క. తోటికోడలి ప్లేట్లలో బంగారు రంగు చుక్కలు కోకొల్లలు! ల్యాబక్క మనసు ఎగిరి గంతేసింది. ఐదు ప్లేట్లకూ ఫోటోలు తీసుకుంది. ఆరోది దొంతరలో అడుగున ఉంది. తీసి చూడాలన్న ధ్యాస ఎక్కడిది!

సాయంత్రం అందర్నీ తన ఇంటికి పిలిచి ఫోను చూపించింది. "ఇదిగో, మీ అద్దం!"

తోటికోడలి ముఖం పాలిపోయింది. "రోజూ తుడుస్తానక్కా..."

"తుడిస్తే పోయేవైతే నాకెందుకమ్మా ఉద్యోగం?"

"సరేలే, ఇక్కడే ఉంటా," అంది అత్తగారు. గెలిచింది ల్యాబక్క. పదకొండేళ్ల తర్వాత గెలిచింది.

మర్నాడు ఆ ప్లేట్లను పారేసే ముందు, బాక్టీరియా చచ్చేందుకు ఆవిరి యంత్రంలో పెట్టబోతూ ఆరోది చూసింది. దేన్నీ తాకని పుల్ల రాసిన ప్లేటు. దాని నిండా బంగారు రంగు చుక్కలు. అవే.

ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ రంగు చుక్కలు ఎక్కువగా మనుషుల ముక్కుల్లో కాపురం చేసే రకానివి. అంటే అవి తనవి. తోటికోడలి వంటిల్లు శుభ్రమో మురికో ఆ ప్లేట్లు చెప్పలేవు. అసలు ఏ ఇంట్లో రుద్దినా ఏవో కొన్ని మొలుస్తాయనీ, మొలిచినవన్నీ రోగం తెచ్చేవి కావనీ ఎన్ని వందల మందికి చెప్పుంటుంది! యంత్రం మూత తెరిచే ఉంది. అందులో పడేస్తే గంటలో సాక్ష్యం కరిగిపోతుంది. అత్తగారు తన ఇంట్లోనే ఉంటుంది. ల్యాబక్క మింగలేక కక్కలేక ఆ ప్లేటు పట్టుకుని నిలబడిపోయింది.

అప్పుడే అత్తగారు ఫోను చేసింది. "పెద్దమ్మాయ్, చిన్నదాని చేతులు కమిలిపోయాయట. పొద్దున్నించీ బ్లీచింగు పెట్టి గట్టు రుద్దుతూనే ఉందట. నువ్వైనా చెప్పవే."

ల్యాబక్క ప్లేటును ఫోటో తీసుకుని, సగం పూట సెలవు పెట్టి వెళ్లింది. తలుపు తీసిన తోటికోడలి చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి.

"ఆపు. ఆ చుక్కలు నీ ఇంటివి కావు. నా ముక్కులోవి," అంది ల్యాబక్క. ఫోటో చూపించి, పంటితో చింపిన కవర్లతో సహా అన్నీ చెప్పింది. "నీ వంటిల్లు చూస్తే నాకు కడుపు మంట. అందుకే చేశా."

తోటికోడలు అక్కడే నేల మీద కూలబడింది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు.

"నా వంటింటి మీద కుళ్లా? అయ్యో అక్కా! మీరొస్తున్నారంటే ముందురోజంతా తుడుస్తా. మీ కంటికి బాక్టీరియా కూడా కనబడతాయేమోనని నా భయం. మామూలు రోజుల్లో మా గట్టు మీద గిన్నె పెట్టడానికి చోటుండదు."

పదకొండేళ్లుగా తనను కాల్చుకు తిన్న ఆ మెరుపంతా తన కోసం తెచ్చిపెట్టినదా! ల్యాబక్క బ్లీచింగు డబ్బా అందుకుని మూత పెట్టేసింది.

ఇంటికెళ్లి అత్తగారికి ఉన్నదున్నట్టు చెప్పింది. టెస్టు చెల్లదు కాబట్టి ఆవిడ కోరికే నెగ్గింది. ఆ కమిలిన చేతులు మానాక ఆపరేషను జరిగింది. అత్తగారి సంచి ల్యాబక్కే సర్ది, ఆవిడను చిన్నకోడలి ఇంట్లో దిగబెట్టి వచ్చింది. "చుక్కలేసే ముందు సబ్బుతో చేతులు కడుక్కో, చాలు. గట్టు జోలికి పోకు," అని తోటికోడలికి మరీ మరీ చెప్పింది.

పది రోజులకు, చెప్పాపెట్టకుండా వెళ్లింది. సింకు నిండా గిన్నెలు. గట్టు మీద ఉల్లిపాయ తొక్కలు. డబ్బాలకు మూతల్లేవు. అమ్మయ్య అనుకుంది. అంతలో పక్కగదిలోంచి అత్తగారి నవ్వు వినబడింది. నల్లకళ్లద్దాలు పెట్టుకుని, చిన్నకోడలి భుజం మీద చరుస్తూ, పొట్ట పట్టుకుని నవ్వుతోంది ఆవిడ.

పద్దెనిమిదేళ్లలో తన ఇంట్లో ఆవిడ ఒక్కసారైనా అలా నవ్విందా? ల్యాబక్క ఎంత వెతికినా గుర్తు రాలేదు. కడుపులో మళ్లీ భగ్గుమంది. సింకు దగ్గరికెళ్లి సబ్బుతో చేతులు రుద్ది రుద్ది కడుక్కుని, గుమ్మంలో నిలబడింది.

"ఏంటత్తయ్యా అంత నవ్వు? నాకూ చెప్పండి."