గంటా యాభై నిమిషాలు

మా తమ్ముడి ఉద్యోగం గురించి ఎవరైనా అడిగితే నాకు చిరాకెత్తుకొస్తుంది. ఏ ఊరికీ ఏ ఊరికీ మధ్య ఎంత దూరం, విమానంలో అయితే ఎంతసేపు అని ఇంటర్నెట్‌లో పేజీలు రాస్తాడు. జన్మలో విమానమెక్కిన మొహం కాదు. నీళ్లు కారే ఏసీ కింద, ఒక ఇరుకు గదిలో కూర్చుని, మ్యాపు మీద రెండు ఊళ్లకీ మధ్య గీత గీస్తాడు. కంప్యూటర్ కిలోమీటర్లు చెబుతుంది. దాన్ని విమానం వేగంతో భాగించి పారేస్తే ప్రయాణ సమయం. ఆ రెండు ఊళ్ల మధ్య అసలు విమానం తిరుగుతుందో లేదో వాడికి అక్కర్లేదు. ప్రతి పేజీ చివరా ఒకటే ముక్క: రోజూ బోలెడు విమానాలున్నాయి, ప్రయాణం సులభం, సౌకర్యవంతం. రోజుకి నలభై పేజీలు. పదకొండేళ్లుగా ఇదే చెత్త.

ఇంట్లో మాత్రం పెద్ద మేధావి. మా పిల్లలు కిలోమీటర్ల మామయ్య అంటారు. ఫోన్ చేసినప్పుడల్లా ఏదో ఒక ఊరి దూరం చెప్పి గొప్పలు పోతాడు. మేమూ నోళ్లు తెరుచుకుని వినేవాళ్లం, బుద్ధి గడ్డి తిని.

అమ్మ వాడి దగ్గరే ఉంటుంది. గొంతులో గడ్డ అన్నారు. ఒకరోజు మధ్యాహ్నం వాడు ఫోన్ చేసి, రేపు పదింటికి ఆపరేషన్, స్వరపేటిక మొత్తం తీసేస్తారు, ఇక మాట ఉండదని చెప్పాడు. ఈలోగా నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక మాట చెప్పాలని అమ్మ అంటోందట. సాయంత్రం ఐదింటి రైలెక్కితే తెల్లారి ఏడింటికి దిగుతావని మా ఆయన బ్యాగు కూడా సర్దేశాడు.

"రైలెందుకక్కా, పద్నాలుగు గంటలు నడుం పడిపోద్ది. పొద్దున్నే విమానం ఎక్కెయ్. గంటా యాభై నిమిషాలే" అన్నాడు వీడు.

రైలు వదిలేశాను.

పొద్దున ఆరింటికి విమానాశ్రయంలో టికెట్ అడిగితే కౌంటర్ అమ్మాయి నేరుగా వెళ్లే విమానమే లేదంది. ఇంకో ఊళ్లో దిగి మారాలి, చేరేసరికి మధ్యాహ్నం మూడున్నర. తమ్ముడికి ఫోన్ చేస్తే, పేజీలో అలాగే ఉందే అని నసిగాడు.

"ఆ పేజీ రాసిందెవడ్రా?"

"నేనే" అన్నాడు.

ఫోన్ అమ్మకివ్వమన్నాను. సమయానికి రాలేనని చెప్పడానికి నోరు రాలేదు. ఆ మాటేదో ఇప్పుడే చెప్పమని బతిమాలాను.

"ఫోన్లో ఏంటే, వార్డులో ఇంతమంది ఉంటే. వస్తున్నావుగా, చెప్తాలే" అంది.

ఆ బొంగురు గొంతు నేను మళ్లీ వినలేదు.

రెండు రోజులకి అమ్మ లేచి కూర్చుంది. మెడకి గొట్టం, ఒళ్లో పలక. తమ్ముడు నా పక్కన నిలబడి, దూరం మాత్రం కరెక్టేనక్కా అని గొణిగాడు. ఛీ, వీడితో కలిసి పెరిగానా అని రోత పుట్టింది.

వాణ్ణి తోసుకుని మంచం దగ్గరికి వెళ్లాను. ఏం చెప్దామనుకున్నావమ్మా అని అడిగాను. అమ్మ బలపం పట్టుకుని చాలాసేపు నా మొహంలోకి చూసింది. ఒక అక్షరం రాసి, అరచేత్తో తుడిచేసింది. మళ్లీ నెమ్మదిగా రాసి పలక నా వైపు తిప్పింది.

"రాసేది కాదులే."