మెర్ల్ బొమ్మరింటి తెల్ల గోడలు

గనుల ఊరు బ్రోకెన్ హిల్‌లో గాలి లేచిందంటే మెర్ల్ టాన్కార్డ్‌కి యుద్ధం మొదలైనట్టే. కిటికీలన్నీ బిగించేది. గుమ్మాల కింద తడి తువ్వాళ్లు కుక్కేది. తడిగుడ్డ పట్టుకుని బల్లలూ కుర్చీలూ, అడ్డం వస్తే మొగుణ్ణి కూడా తుడిచేసేది. గని తవ్విపోసిన మట్టిలో సీసం ఉంటుంది. ఆ దుమ్ము పసిపిల్లల నోట్లో పడితే రక్తంలో చేరి మెదడును తినేస్తుంది. ఆ ఊళ్లో ఇది తెలియని తల్లి లేదు. తన పిల్లలకు చిటికెడు ఎర్రదుమ్ము కూడా అంటకుండా పెంచానని మెర్ల్‌కి గొప్ప. ఆ గొప్ప మీద పన్ను వేస్తే ఊరి రోడ్లన్నీ బాగుపడేవి.

మొగుడు క్లారీ గనిలో బండలు పేల్చేవాడు. మందుగుండు పెట్టెల చెక్కతో కూతురికి బొమ్మరిల్లు చేసి, ఎక్కణ్ణుంచో తెచ్చిన తెల్లరంగు దళసరిగా పూశాడు. క్లారీ పోయాడు. బొమ్మరిల్లు మంచం కింద మిగిలింది. మునిమనవరాలు పోజీ పుట్టినరోజుకి అందులో దీపాలు వెలిగించాలని ఇప్పుడు ముసలావిడకి పంతం పట్టింది.

"నీకు కరెంటు పనేంటి అమ్మమ్మా? రేడియో ప్లగ్గే తలకిందులుగా పెడతావు" అంది మనవరాలు కెరిన్, కూతురు పోజీని దింపి పనికి వెళ్తూ.

"ఓసి వెర్రిదానా, ఇది బ్యాటరీ కరెంటు. చీమకి తగిలినా చక్కిలిగింతే."

"సర్లే. పిల్ల జాగ్రత్త, గాలి లేస్తోంది."

"గాలి సంగతి నాకు చెప్తున్నావా? నీ బొడ్డూడకముందు నుంచీ దాని జుట్టు పట్టుకుని ఆడిస్తున్నా!"

బొమ్మరింట్లో తీగల బదులు సన్నని రాగిపట్టీలు గోడలకు అంటిస్తారు. గోడ నున్నగా లేకపోతే పట్టీ లేచిపోతుంది, దీపం ఆరిపోతుంది. అందుకని ముందు గోడ గీకాలి, తుడవాలి, అడుగుపూతగా ప్రైమర్ పూసి ఆరనివ్వాలి. పట్టీ ఆ తర్వాత. గోడకాగితం అన్నిటికన్నా ఆఖరున. క్లారీ పూసిన రంగు పొలుసులు పొలుసులుగా లేచిపోయింది. వారం రోజులుగా మెర్ల్ దాన్ని ఉప్పుకాగితంతో రుద్దుతూనే ఉంది. కిటికీలు బిగించే ఉన్నాయి. పక్కన చాప మీద పోజీ బట్టల క్లిప్పులకు పేర్లు పెట్టి ఆడుకుంటోంది.

వంటింటి గోడ అయింది. పడగ్గది మొదలైంది. బయట ఎర్రదుమ్ము అద్దాన్ని గోకుతోంది.

"రావే, ఎలా వస్తావో చూస్తా" అని మెర్ల్ దాన్ని వెక్కిరించింది.

లోపల, ఎండ చారలో, తెల్లదుమ్ము పిండిలా వేలాడుతోంది. దానికి పోయే దారి లేదు. అది మెల్లగా చాప మీదికీ, క్లిప్పుల మీదికీ దిగుతోంది.

"చూడవే, నాకన్నా ముసలిదానివైపోయావు!" అంది మెర్ల్, పిల్ల జుట్టు చూసి నవ్వుతూ.

పోజీ వేలు నోట్లో పెట్టుకుంది. "తియ్యగా ఉంది."

"బిస్కెట్ తిన్నావుగా. మూతి తుడుచుకో."

"బిస్కెట్ కాదు తాతమ్మా. ఇల్లు." ఇంకోసారి నాకింది.

మెర్ల్ చెయ్యి గోడ మీదే ఆగిపోయింది.

చిన్నప్పుడు పక్కింటి డెస్మండ్ వరండా కమ్మీని చప్పరించేవాడు. తియ్యగా ఉంటుంది, నువ్వూ చూడు అనేవాడు. పోనుపోను వాడు బడి నుంచి ఇంటికి దారి మరిచిపోయేవాడు. ఆ కమ్మీ రంగు తెలుపు. ఆ రోజుల్లో తెల్లరంగంటే సీసమే. అది మెర్ల్‌కి తెలియనిది కాదు. కానీ సీసం బయటి నుంచే వస్తుందని అంతకన్నా గట్టిగా తెలుసు. కంచే చేను మేసింది.

కిటికీ గడియ మీద చెయ్యి వేసింది. తెరిస్తే ఎర్రది వస్తుంది. తెరవకపోతే తెల్లది పోదు. గడియ వదిలేసి, పిల్లను ఎత్తుకుని నీళ్ల గదిలోకి పరిగెత్తింది. తల నుంచి పాదాల దాకా కడిగి, బట్టలు మార్చి, ఫోన్ తీసింది.

"కెరిన్, నేనొక పని చేశానే."

"ఏం కాల్చావు అమ్మమ్మా?" అని నవ్వింది కెరిన్. తెల్లదుమ్ము సంగతంతా మెర్ల్ చెప్పింది.

"ఒక్క తిట్టయినా తిట్టవే."

"వస్తున్నా" అంది కెరిన్.

క్లినిక్‌లో నర్సు పోజీ వేలికి సూది గుచ్చి, రక్తపు చుక్క సీసం కొలిచే యంత్రంలో పెట్టింది. అంకె చూసి, యంత్రాన్ని కెరిన్ వైపు తిప్పింది.

"ఉండకూడనంత ఉందమ్మా. మళ్లీ చూడాలి. ఇంకా పెరగొచ్చు. ఆ బొమ్మరింటిని ఎవరూ ముట్టుకోవద్దు, ఆ గదిలోకి పిల్లను పోనివ్వద్దు."

కెరిన్ తల ఊపింది. మెర్ల్ వైపు చూడలేదు.

"తాతమ్మా, నా ఇంట్లో దీపం ఎప్పుడు?" అంది పోజీ.

వేలి మీద ప్లాస్టర్ ఉందన్న సంగతి మరిచి, పిల్ల ఆ వేలిని నోటి దగ్గరికి తీసుకుపోయింది. ఆపడానికి రెండు చేతులు ఒక్కసారే లేచాయి. కెరిన్ చెయ్యి అందుకుంది. మెర్ల్ చెయ్యి సగంలోనే ఆగింది. గోళ్ల సందుల్లో ఇంకా తెల్లగా ఉంది. ఆవిడ ఆ చేతిని ఒళ్లోకి తీసుకుని, పిల్లకు కనపడకుండా పిడికిలి బిగించింది.