గుర్తు పెట్టని మూలలు

సోమవారం మధ్యాహ్నం నంద్యాల కాలేజీలో పాఠం చెబుతుంటే మా తమ్ముడు తరగతి గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఆళ్లగడ్డలో మా పక్కింటి మామ పోయాడన్నాడు. చెరువు కట్ట మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. ఏ మామ అని రెండుసార్లు అడిగాను. ముందురోజే ఆయన అందించిన టీ తాగి బస్సెక్కాను.

మామ చేపల సంఘం తరఫున చెరువుకు కాపలా ఉండేవాడు. కట్ట ఎక్కేముందు చెప్పులు విడిచి చేత పట్టుకునేవాడు. అడుగుల చప్పుడు నీళ్ళలోకి దిగుతుందనేవాడు. తొలకరి వానలకు కొరమీను పిల్లలు నీటి మీద కారం చల్లినట్టు ఎర్రగా తేలతాయి. కింద తల్లీతండ్రీ కాపలా కాస్తూ కదలవు కాబట్టి సులువుగా దొరుకుతాయి. అవి పోతే పిల్లల్ని మిగతా చేపలు తినేస్తాయి.

“పిల్లల మీదుండే చేపను పట్టేది ఒక పట్టడమా? బాలింతను మంచం మీంచి ఎత్తుకపోయినట్లు,” అనేవాడు మామ.

జంతుశాస్త్రం చదివిన నేను ఊరుకోలేదు. పిల్లలు తేలే మూలల్లో కర్రలు నాటి ఎర్రగుడ్డలు కట్టమన్నాను, వలలవాళ్ళు తప్పుకుంటారని. అత్త పాత చీర చించి కట్టాడు. వారం తిరక్కుండా ఎవరో గుడ్డ కట్టిన చోటల్లా గాలం వేసి పెద్ద చేపల్ని పట్టుకుపోయారు. తిడతాడనుకున్నాను. కర్రలు పీకి చంకన పెట్టుకున్నాడు.

“నీ సదువు మంచిదే పాపా. దొంగోనికి గూడా గుడ్డ కనపడతాదని మనిద్దరం మరిసినాం.”

అప్పటినుంచి ఆ చోట్లు ఆయన తలలోనే ఉండేవి. వల వేసే రోజు కట్ట వెంబడి ముందు నడుస్తూ, “ఆడొద్దు, ఈడ ఎయ్యండి,” అని చెప్పేవాడు.

“ఏం మామా, ఆడ మీ అత్తగారిల్లుందా?” అని ఒక కుర్రాడు ఎప్పుడూ ఎగతాళి చేసేవాడు.

“ఉందిరా. పురుడు జరుగుతాంది. మగోళ్ళు రాగూడదు.”

ఆ ఆదివారం టీ ఇస్తూ, “కట్ట మీదికి రా పాపా, ఈ తూరి మూలలన్నీ చూపిస్తా. నాకొకనికే తెలిస్తే ఎట్ల?” అన్నాడు. బస్సుకు టైమైంది, వచ్చే వారం చూద్దామన్నాను. “సరేలే, చేపలు యాడికి పోతాయి,” అన్నాడు.

నేను ఆ గుడ్డలు కట్టమనకపోయి ఉంటే ఇంకెవరికైనా చెప్పి ఉండేవాడా? తెలియదు. ఈ ప్రశ్నను ఎటు తిప్పినా నా దగ్గరికే వస్తోంది.

మూడో రోజు అత్తను పలకరించి కట్ట మీదికి వెళ్ళాను. ఆ రోజు వల వేయాలని ముందే అనుకున్నారట, సంఘం వాళ్ళంతా వలలతో నిలబడి ఉన్నారు. పెద్దాయనొకడు, “మామ నీకు చెప్పింటాడు గదమ్మా. యాడ ఎయ్యగూడదు?” అని అడిగాడు.

తెలియదన్నాను. చదువుకున్న నోటితో ఆ మాట అనడం అంత కష్టమని అప్పుడే తెలిసింది.

ఎగతాళి చేసే ఆ కుర్రాడే, “అయితే యాడా ఎయ్యొద్దు. పిల్లలు పెద్దయ్యేదాంక ఆగుదాం,” అని వల భుజాన వేసుకున్నాడు.

వంగి చెప్పులు విడిచాడు. అతన్ని చూసి మిగతావాళ్ళూ విడిచారు. కట్ట చివరిదాకా అందరూ చెప్పులు చేత పట్టుకునే నడిచారు.