అన్నిటికన్నా ముందు మా బండి

నా చిన్నప్పుడు, ఎనభైల మొదట్లో, కార్ల కంపెనీల ఊరైన ట్రాయ్‌లో అందరి కార్లకన్నా మా కారే ముందు వెళ్ళేదంటే నా పిల్లలు నవ్వుతారు. నవ్వరూ మరి! ఎత్తు కనిపిస్తే చాలు ఆయాసపడే బండి అది. అయినా మా అపార్ట్‌మెంట్లలోని తెలుగువాళ్ళంతా వరసగా కార్లు కట్టుకుని పిట్స్‌బర్గ్ గుడికి వెళ్ళినప్పుడల్లా మొదటి కారు మాదే. మా నాన్నే అందరికీ నాయకుడని నా నమ్మకం. పులిహోర గిన్నె ఒళ్ళో పెట్టుకుని, వెనకొచ్చే కార్లకేసి మహారాణిలా చూసేదాన్ని.

ఆ వరస నిర్ణయించేది మా కింద ఇంటి అంకుల్. కాకినాడ రేవు దగ్గర పెరిగిన మనిషి. కార్ల కంపెనీలో ఇంజనీరు ఉద్యోగం చేస్తున్నా, ప్రాణమంతా పాతకాలపు తెరచాప ఓడల మీదే. ఆయన కారు కొత్తది, మంచి జోరుగలది. అయినా ఎప్పుడూ చిట్టచివరే వచ్చేవారు. ఎందుకని అడిగితే, వాళ్ళ హాల్లో నీలం దుప్పటి పరిచి దానిమీద చింతగింజలు చల్లారు. అవి వర్తకుల సరుకు ఓడలట. పక్కనే పెట్టిన ఇత్తడి గ్లాసు వాటికి కాపలా కాసే యుద్ధనౌకట.

యుద్ధాల రోజుల్లో సరుకు ఓడ ఒంటరిగా కనబడితే శత్రువు పట్టుకుపోయేవాడు. అందుకని అవన్నీ గుంపుగా కదిలేవి. కాపలా నౌక ముందుండి దారి చూపిస్తుందనుకున్నాను. కాదట. గాలి ఏ వైపునుంచి వీస్తుంటే ఆ వైపున, కాస్త వెనకగా ఉండేదట, ఎవరికి ఆపద వచ్చినా గాలివాటున చప్పున వచ్చి పడడానికి. వర్తకులు మాత్రం ఒక పట్టాన మాట వినే రకం కాదు. చీకటి పడగానే తెరచాపలు కొన్ని దించేసి హాయిగా నిద్రపోయేవారు, తెల్లారేసరికి తలో దిక్కున తేలేవారు. సరుకు అందరికన్నా ముందు అమ్ముకోవాలని ఒకడు ఒంటరిగా పరిగెత్తేవాడు. కోడిపిల్లల్ని పోగేసినట్టు వీళ్ళని పోగేసుకోవడంతోనే ఆ కెప్టెన్‌కి పొద్దు గడిచిపోయేది.

"అన్నిటికన్నా స్లోగా వెళ్ళే ఓడది ఏ స్పీడో, అందరిదీ అదే స్పీడమ్మా. అందుకే మనవాళ్ళలో స్లో బండిని ముందు పెడతాను. వెనకుంటే తప్పిపోతుంది కదా" అన్నారు.

నా మహారాణి కిరీటం ఆ దుప్పటి మీదే రాలిపోయింది. నా మొహం చూసి, ఈ సంగతి నాన్నకి చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు.

ఆ ఓడ మరీ వెనకబడిపోతే ఏం చేస్తారని అడిగాను. తాడు కట్టి లాగుతారన్నారు. అదీ కుదరకపోతే? ఆయన గ్లాసుని ఒక చింతగింజ పక్కనుంచి తీసి మిగతావాటి వైపు జరిపారు.

"వదిలేస్తారమ్మా. మిగతావాళ్ళున్నారు కదా."

ఆ ఏడాది చలికాలంలోనే కంపెనీలు మనుషుల్ని తీసేయడం మొదలుపెట్టాయి. మొదట నాన్న ఉద్యోగం పోయింది, తర్వాత ఒక్కొక్కరిదీ. దక్షిణాన, రెండు రోజుల ప్రయాణం దూరంలో ఉన్న ఇర్వింగ్ వైపు పనులు దొరుకుతున్నాయని విని, అందరూ కలిసి అక్కడికి వెళ్ళిపోదామనుకున్నారు. మా నాన్న మాత్రం గోడవైపు తిరిగి పడుకున్నాడు. అమ్మ బతిమాలింది, తిట్టింది, చివరికి ఊరుకుంది. అంకుల్ రోజూ పొద్దున్నే పైకొచ్చి నాన్నని లేపి, గడ్డం గీయించి, కాఫీ తాగించేవారు. అక్కడ కొత్త ఉద్యోగం తనకోసం ఎదురుచూస్తున్నా, నాన్న కోసం ప్రయాణం వాయిదా వేస్తూ వచ్చారు. మిగతావాళ్ళు లోలోపల విసుక్కున్నారు. తాడు కట్టడమంటే ఇదే కాబోలని నేననుకున్నాను.

ఎలాగో బయల్దేరాం. అప్పుడూ మొదటి కారు మాదే. హైవే ఎక్కే చోట నాన్న బండి పక్కకి తీసి ఆపేశాడు. స్టీరింగ్ మీద చేతులు అలాగే ఉండిపోయాయి. వెనక కార్లన్నీ ఆగాయి. అంకుల్ దిగి వచ్చి, మంచులో మా కిటికీ పక్కన గొంతుక్కూర్చున్నారు.

"తమ్ముడూ, నీ స్పీడ్‌లోనే వెళ్దాం. ఎన్ని రోజులు పట్టినా సరే."

"నా వల్ల కాదన్నయ్యా. మీరు వెళ్ళండి."

ఆయన చాలాసేపు లేవలేదు. ఆయన భుజాల మీద మంచు పేరుకుంది. వెనకనుంచి ఎవరో హారన్ కొట్టారు. అప్పుడు లేచి, వెనక సీట్లో ఉన్న నాకేసి చూశారు. ఏం చేయబోతున్నారో నాకు తెలుసు, ఆయనే చెప్పారు కదా.

కార్లు ఒక్కొక్కటే మమ్మల్ని దాటిపోయాయి. అన్నిటి వెనకా ఆయనది. నాన్న మనసు మార్చుకుని వెనకే వస్తాడేమోనని, వెనక లైట్లు ఆర్పుతూ వెలిగిస్తూ, ఎడ్లబండి కన్నా మెల్లగా వెళ్ళారు. ట్రక్కులు చెవులు చిల్లులు పడేలా హారన్లు కొట్టినా జోరు పెంచలేదు. ఆ లైట్లు మాకు చాలాసేపు కనిపించాయి. ఆయన కారు మలుపు తిరిగాక, నాన్న మా బండి ఇంటివైపు తిప్పాడు.

తర్వాత ఏదో మంచి జరిగిందని చెప్పాలని నాకూ ఉంది. జరగలేదు. నాన్న మళ్ళీ ఉద్యోగం చేయలేదు, మనసారా నవ్వలేదు. అమ్మ రెక్కల కష్టంతో ఇల్లు నడిచింది. అంకుల్ బతికున్నన్నాళ్ళూ ఆదివారం ఫోన్ చేసేవారు. నాన్న మాట్లాడేవాడు కాదు.

మంచివాళ్ళు కూడా వదిలి వెళ్ళాల్సి వస్తుందని ఆ రోజే తెలిసింది. ఎలా వెళ్ళాలో కూడా అప్పుడే చూశాను. నాన్న ఆఖరి రోజుల్లో ఆసుపత్రి కిటికీ దగ్గర కూర్చుని, నేను బయటికి వెళ్ళడం చూస్తూ ఉండేవాడు. నేను వెనక లైట్లు ఆర్పుతూ వెలిగిస్తూ, పార్కింగ్ లాట్‌లోంచి కారుని నడక వేగంతో నడిపించేదాన్ని. వెనక ఎవరో ఒకరు హారన్ కొట్టేవారు. కొట్టనీ, అనుకునేదాన్ని.