బొమ్మలో ఎర్ర చుక్క

నేను ముత్తుకూరు దగ్గర ఒక ప్రభుత్వ బడిలో డ్రాయింగు మాస్టరుని. కొన్నేళ్ల కిందట ఫ్రెంచివాళ్ల రేవు పట్నాల బొమ్మలు ఫోన్లో చూసి చూసి నాకు పూనకం వచ్చింది. పొగ, మంచు, పడవలు, ముక్కూ మొహం లేని జనం. ఆ మాత్రం దానికి ఫ్రాన్సు దాకా పోవాలా? మా రేవులో బొగ్గు దించుతుంటే పొద్దున పూట ఊరంతా అదే కదా. లేవగానే బిందె మూత మొదలు దేవుడి పటం దాకా తడికొంగుతో బొగ్గుపొడి తుడవడం మా ఆడవాళ్లకు నిత్యకృత్యం.

ఇసక దిబ్బ మీద నెత్తళ్ల చేపలు ఎండబెట్టే ఒక అక్కను చూస్తూ, నీళ్లలో కలిపే పోస్టరు రంగులతో బొమ్మ వేశాను. వెనక ఓడ, మధ్యలో బూడిదరంగు పొర, ముందు చేపల నడుమ ఒక ఎర్ర చుక్క. ఆ చుక్కే అక్క. కింద నా సంతకం, తేదీ. నెల్లూరు ప్రదర్శనలో బహుమతి ఇచ్చారు. మొహం లేకపోవడమే దాని అందమన్నాడు ఒక పెద్దమనిషి. వెలుగు చెడుతుందని నేను అద్దం కూడా వేయించలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని ఊరికే అన్నారా.

మొన్న ఆ అక్క మా ఇంటికి వచ్చింది. దిబ్బ మీద గోదాములు కడతారట. ఏళ్ల తరబడి అక్కడే చేపలు ఎండబెట్టినట్టు రుజువు చూపిస్తే వేరే చోటు ఇస్తారట.

"ఫోటోలేమీ లేవా అక్కా?"

"ఎండుచేపల్ని ఎవురు ఫోటో తీస్తారు సారూ? నువ్వు గీసినావు గదా నన్ను. తేదీ గూడా ఏసినావంట. అది తీసకరా, చాలు."

గర్వంగా దిబ్బ దగ్గరికి మోసుకెళ్లాను. కొలతలకు వచ్చిన ఆఫీసరు బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మంచు బాగా వచ్చింది మాస్టారూ. మనిషేది?"

నేను వెలుగునీడల మీద ఉపన్యాసం ఎత్తుకున్నాను. అక్కకు అంత ఓపిక లేదు.

"మంచు కాదు సార్, బొగ్గు. తుడిస్తే కింద నేనుంటా," అంటూ సీసాలో నీళ్లతో కొంగు తడిపి, రోజూ దేవుడి పటాన్ని తుడిచినట్టే తుడిచేసింది. నేను చెయ్యి పట్టుకునేలోపే పొర పోయింది, చేపలు పోయాయి, ఎర్ర చుక్కా పోయింది. సిగ్గు విడిచి చెప్తున్నాను, అప్పుడు నా ప్రాణం ఉసూరుమన్నది అక్క కోసం కాదు, బహుమతి బొమ్మ కోసం.

అక్క ఆ తెల్లకాగితంలో కాసేపు వెతుక్కుంది. తర్వాత తన పసుపు చీర కొంగు చూసుకుంది. దానికి ఎరుపు అంటి ఉంది. కొంగును ఆఫీసరు ముందుకు చాపింది.

"ఇదో సార్, నేను. ఈడనే ఉండా."

ఆయన "ఆధారం లేదు" అని రాసి, సాక్షిగా నన్ను సంతకం పెట్టమన్నాడు. పెద్దవాళ్లతో నాకెందుకొచ్చిన తంటా అని భయం వేసింది. పెట్టాను. బొమ్మ కింద పెట్టినట్టే, తేదీతో సహా.